బిజిలీలో సగం

గచ్చిబౌలి,
26 నవంబరు 1998, గురువారం.

సౌభాగ్యవతి కనకలక్ష్మి గారికి,

జయలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ మావారు, మా అమ్మాయి ఉమాశ్రీ, నేను బాగున్నాం. మా ముగ్గురికంటే బిజిలీ ఇంకా బాగుంది. బోరబండలో మీరు, మీవారు సాయిలు గారు కులాసా అని తలుస్తాను.

సోమవారం పొద్దున గుర్రాన్ని దింపేటప్పుడూ, గురువారం సాయంత్రం తీసుకెళ్లేటప్పుడూ మీవారు నా ఎదురుగానే ఉంటారు. అయినా ఈ సంగతి నోటితో చెప్పలేక ఉత్తరం రాసి ఆయన చేతికే ఇస్తున్నాను. మీ ఇంట్లో ఉత్తరం చదివి, రాసే మనిషి మీరేనని ఆయనే చెప్పారు.

ముందుగా ఒక మాట చెప్పాలి. యాభై మూడేళ్ల ఆడమనిషి, ఒక కరెంటు ఇంజనీరు భార్య, మీరు పెళ్లి ఊరేగింపు నడిపిస్తుంటే అడ్డం వచ్చి "నాకు గుర్రమెక్కాలని ఉందండీ" అంటే నవ్వకుండా విన్నది మీరొక్కరే. మా తాతగారు గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో గుర్రం మీద తిరిగి వైద్యం చేసేవారు. నాలుగేళ్లప్పుడు ఆయన ముందు కూర్చుని తిరిగిన సంబరం నాలో అలాగే ఉండిపోయింది. మీరు రెండు నిమిషాల్లో తేల్చేశారు. నాలుగు రోజులు నా దగ్గర, పెళ్లిళ్లు ఎక్కువగా ఉండే శుక్ర, శని, ఆదివారాలు మీ దగ్గర. గుర్రం మీది, గడ్డి నాది. మూడు నెలలైంది. ఇప్పుడు మా అమ్మాయి పంజాబీ డ్రెస్సు వేసుకుని కొండాపూర్ దాకా పరుగు తీయించి తిరిగి వస్తున్నాను. ఇదంతా మీ చలవే.

ఇక బిజిలీ సంగతి. అది ఎంత మర్యాదస్తురాలంటే, షామియానా కనబడితే దాటి వెళ్లదు. మొన్న మంగళవారం కొండాపూర్ దారిలో ఒక గృహప్రవేశం ముందు ఆగింది. ఎంత అదిలించినా కదలలేదు. చివరికి ఆ ఇంటావిడ హారతి పళ్లెం తెచ్చి తిప్పితే తృప్తిగా తల ఊపింది. నన్ను దించి భోజనం పెట్టి పంపారు. బుధవారం ఇంకో షామియానా. అది పదోరోజు అని దగ్గరికి వెళ్లేదాకా నాకు తెలియలేదు. లోపల డప్పు మోగింది. బిజిలీ ముందుకాళ్లు ఎత్తి చక్కగా ఆడింది. నేను పైన ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. కానీ పోయినాయన భార్య వచ్చి దాని మెడ నిమిరి, "మా ముసలాయనకు గుర్రాలంటె పానం. ఎవరు పంపిండ్రో గని మంచిగ పంపిండ్రు" అని కన్నీళ్లు పెట్టుకుంది. అక్కడా భోజనం చేశాను.

ఇంత గొప్ప గుర్రానికి నేను తగినదాన్ని కానేమో అనిపిస్తోంది. అటూ ఇటూ తిరగడం దానికీ కష్టమే. ఒకచోటే ఉంటే బాగుంటుందని నా మనసుకు తోస్తోంది. మీరు తెలివైనవారు, అర్థం చేసుకోగలరు.

ఉంటాను,
మీ జయలక్ష్మి.

తా.క.: పదోరోజు వాళ్లు మాసికానికి కూడా తప్పకుండా రమ్మన్నారు. గుర్రంతో సహా.

*

బోరబండ,
30 నవంబరు 1998, సోమవారం.

జయలక్ష్మి మేడం గారికి,

కనకలక్ష్మి దండం పెట్టి రాస్తున్నది. మేం బాగున్నాం. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మా ఆయనకు చదివి వినిపించాను. మా బ్యాండు మేళంలో డోలు ఆయనదే కాబట్టి ఏది చెప్పినా కొంచెం గట్టిగా చెప్పాలి.

"ఏమంటున్నదే మేడం?" అన్నాడు.

"బిజిలీకి అటు ఇటు తిరుగుడు కష్టమైతున్నదట. ఒక్కకాడనే ఉంటె మంచిగుంటదట."

"గంతె గదా. ఇంకొక దినం ఉంచుకుంటనని అడగలేక గట్ల రాసింది. పెద్దింటోళ్లు సీదా అడగరు."

నాకూ అలాగే అనిపించింది. అందుకని ఇకమీదట శుక్రవారం కూడా మీదే. మీరు మొహమాటపడకండి.

షామియానా దగ్గర ఆగడం గురించి మీరు రాసింది చదివి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అది నేర్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇదివరకు మా దగ్గరున్న గుర్రం పెళ్లికొడుకుతో సహా ఫంక్షన్ హాలు దాటి వెళ్లిపోయేది. హారతి ఇచ్చేదాకా కదలకూడదని, డప్పు వింటే కాలు కదపాలని బిజిలీకి చెవిలో చెప్పి చెప్పి నేర్పాను. ఇంతకాలం ఒక్క పెళ్లివాళ్లు కూడా అది చూసి మెచ్చుకోలేదు. వాళ్ల కళ్లు పెళ్లికొడుకు మీదే ఉంటాయి. మీరొక్కరే గుర్రాన్ని చూశారు. తగినదాన్ని కానని రాశారు. అలా అనకండి. మీకంటే తగినవాళ్లు ఈ హైదరాబాదులో లేరు.

దాని నెమలి ఈకల తురాయి, జరీ గుడ్డ ఇదివరకు పెళ్లిళ్లకు తప్ప బయటికి తీసేదాన్ని కాదు. ఇప్పుడు మీకు పంపిస్తున్నాను. తురాయి కడితే దాని నడకే మారిపోతుంది, చూడండి.

ఇట్లు,
కనకలక్ష్మి.

తా.క.: మాసికానికి వెళ్తే జరీ గుడ్డ వేయకండి. తురాయి చాలు.

*

గచ్చిబౌలి,
10 డిసెంబరు 1998, గురువారం.

సౌభాగ్యవతి కనకలక్ష్మి గారికి,

జయలక్ష్మి నమస్కారాలు. మీ తురాయి, జరీ గుడ్డ, దాంతోపాటు శుక్రవారం కూడా అందాయి. మీ పెద్ద మనసుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. అసలు చెప్పాలనుకున్నది మొదటి ఉత్తరంలో సరిగా చెప్పలేకపోయాను. ఈసారి జరిగింది రాస్తాను, చదివి మీరే ఆలోచించండి.

మా ఉమాశ్రీ హైటెక్ సిటీ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తోంది. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయట. అవి మరిచిపోకుండా చూడటం దాని ఉద్యోగం. నిన్న వాళ్ల కంపెనీ కొత్త మేడకు ప్రారంభోత్సవం. ఆ సంగతి అది ఇంట్లో చెప్పింది. షామియానా వేస్తారని చెప్పలేదు.

మీరు ముచ్చటపడి పంపారు కదా అని తురాయి కట్టి బయల్దేరాను. మీరన్నట్టే నడక మారింది. రోడ్డంతా తన పెళ్లే అన్నట్టు నడిచింది. మాదాపూర్ మలుపు తిరగ్గానే పెద్ద షామియానా, పూల ద్వారం, గుమ్మం దగ్గర పట్టుచీరలు కట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు, చేతిలో వెలిగించిన హారతి. ముఖ్య అతిథి కోసం ఎదురుచూస్తున్నారు. బిజిలీ సరిగ్గా వాళ్ల ముందుకు వెళ్లి నిలబడింది. ఆ అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, గుర్రం మీద వచ్చిన మనిషి మామూలు మనిషి అయి ఉండదనుకుని, హారతి ఇచ్చేశారు. ఎవరో దండ వేశారు. మేనేజరు గారు వచ్చి కత్తెర చేతికిచ్చారు. "నేను కాదండీ" అంటూనే ఉన్నాను. సన్నాయి మోతలో వినపడలేదు. రిబ్బను కత్తిరించాను కనకలక్ష్మి గారూ. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరసలో మా ఉమాశ్రీ మాత్రం కాగితం అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అసలు ముఖ్య అతిథి వచ్చేసరికి హారతి ఆరిపోయింది. ఆయన పాపం మంచివారు. బిజిలీ పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, సభలో కూడా దాని గురించే రెండు మాటలు మాట్లాడారు.

సాయంత్రం ఉమాశ్రీ ఇంటికి వచ్చి నేరుగా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తర్వాత, "అమ్మా, నువ్వు గుర్రం దిగిన తీరు చూసి మా టీములో అందరూ అడిగారు, ఎక్కడ నేర్చుకున్నారని. మా అమ్మ అని చెప్పాను" అంది. మావారు మాత్రం, "వచ్చే వారం ఏం ప్రారంభిస్తున్నావు?" అని అడుగుతున్నారు.

అందుచేత నేను ఆలోచించింది ఏమిటంటే, ఈ సగం సగం ఏర్పాటు అటూ కాకుండా ఇటూ కాకుండా ఉంది. బిజిలీ పూర్తిగా ఒకరి దగ్గరే ఉండటం న్యాయం. ఎవరి దగ్గరో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

మీ మేలు మరిచిపోలేని,
జయలక్ష్మి.

తా.క.: ముఖ్య అతిథి గారు వెళ్తూ వెళ్తూ "కంపెనీలో మీరు ఏ విభాగం?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక రవాణా అన్నాను.

*

బోరబండ,
14 డిసెంబరు 1998, సోమవారం.

మేడం గారికి,

బిజిలీ అమ్మకానికి లేదు.

ఈ ఒక్క ముక్క రాసి పంపిద్దామనుకున్నాను. కానీ మీ మీద గౌరవం ఉంది కాబట్టి మిగతాది కూడా రాస్తున్నాను.

ఎవరి దగ్గరో వేరే చెప్పక్కర్లేదని రాశారు. నిజమే, నాకు అర్థమైంది. రిబ్బన్లు కత్తిరించే గుర్రం బోరబండ గల్లీలో ఎందుకుండాలని మీకు అనిపించి ఉంటుంది. మా ఆయన ఉత్తరం విని, "అమ్ముమంటున్నదా? ఎంతకట?" అన్నాడు. ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు. నా పెద్దబిడ్డ అత్తగారింటికి వెళ్లిన నెలలో బిజిలీ మా ఇంటికి వచ్చింది. ఇల్లు ఖాళీ అయిందని ఏడుస్తుంటే భుజం మీద మూతి పెట్టి నిలబడింది. అలాంటిదాన్ని అమ్ముతారా ఎవరైనా?

ఇంకో సంగతి ఇన్నాళ్లూ మీకు చెప్పకుండా దాచాను. మీ దగ్గర పరుగు నేర్చాక బిజిలీ పెళ్లిళ్లలో నడవడం మానేసింది. ఖాళీ రోడ్డు కనిపిస్తే చాలు, పరుగే. పోయిన ఆదివారం ఎర్రగడ్డ పెళ్లిలో ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా ఉరికింది. పెళ్లికొడుకు తలపాగా వెనక పడిపోయింది. బ్యాండువాళ్లు వాయిస్తూ వెంట ఉరికారు. క్లారినెట్ వాయించే ఆయనకు ఊపిరి ఆడక పాట మధ్యలో కూర్చుండిపోయాడు. పెళ్లికొడుకు మేనమామ నన్ను పట్టుకుని, "పెండ్లికి పోతున్నమా, పందానికి పోతున్నమా?" అని అడిగాడు.

అయినా మీతో అనలేదు. ఎందుకంటే అది మెడ ఎత్తి పరుగెత్తుతుంటే నాకే ముచ్చటేసింది. దానికి అంత అందమైన పరుగు ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. మీరు నేర్పిందాన్ని తప్పని ఎలా అనాలి? కానీ గుర్రమంతా నాకే కావాలని మీరు అడిగాక ఇక ఈ ఏర్పాటు నడవదు. అందుకే ఈ రోజు మా ఆయన గుర్రం లేకుండా వస్తున్నాడు. ఈ మార్గశిరం, వచ్చే మాఘమాసం పెళ్లిళ్లు అయ్యేదాకా బిజిలీ నా దగ్గరే ఉంటుంది. తర్వాత సంగతి తర్వాత.

కనకలక్ష్మి.

తా.క.: మీ ఇంట్లో మిగిలిన గడ్డి మా ఆయనతో పంపించండి. మీ గడ్డి తిన్నాక మా గడ్డి ముట్టడం లేదు.

*

గచ్చిబౌలి,
1 ఫిబ్రవరి 1999, సోమవారం.

ప్రియమైన కనకలక్ష్మి గారికి,

నిన్న పెళ్లి హడావిడిలో మీతో రెండు మాటలు మాట్లాడటం కూడా కుదరలేదు. నన్ను చూడగానే మీ కళ్లలో నీళ్లు తిరగడం మాత్రం చూశాను. అవి కోపంతో వచ్చాయో, ఎందుకొచ్చాయో తెలియక రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకని మీరు చూడనిది, ఇక్కడ జరిగింది మొత్తం రాస్తున్నాను.

నిన్న పొద్దున పది గంటలకు వరండాలో బియ్యం ఏరుకుంటున్నాను. ఏడు వారాలుగా వినని డెక్కల చప్పుడు వినిపించింది. తలెత్తితే గేటు ముందు బిజిలీ. జరీ గుడ్డ, తురాయి, మెడలో పూలు. దాని మెడను రెండు చేతులతో వాటేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఒక పెళ్లికొడుకు. వెనకాల ఎవరూ లేరు. సందులో బాజాలూ లేవు.

"బాబూ, కళ్లు తెరువు" అన్నాను.

తెరిచాడు. నన్నూ, ఇంటినీ, బియ్యం చేటనూ చూసి, "ఇది ఫంక్షన్ హాలేనా?" అన్నాడు.

"కాదు నాయనా. ఇది గచ్చిబౌలి."

ఆ అబ్బాయి, అదే మీ పెళ్లికొడుకు సాయిచంద్, మెట్ల మీద కూలబడ్డాడు. ఊరేగింపు బోరబండ మలుపు తిరిగి రోడ్డు ఖాళీగా కనిపించగానే బిజిలీ అందుకుందట. "ఆపుతె ఆగలే అమ్మా. ఆడాడ మనుషులు చేతులూపుతున్నరు, నేను గూడ ఊపిన. ఏం జేయాలె?" అన్నాడు. ముహూర్తం పదకొండూ నలభైకి అన్నాడు. మావారు అప్పటికే పని మీద స్కూటరు తీసుకుని లింగంపల్లి వెళ్లి ఉన్నారు. ఆదివారం మా వైపు ఆటో దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అబ్బాయికి గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, బిజిలీకి నీళ్లు పెట్టి, కాసేపు ఆయాసం తీరనిచ్చి, నేను లోపలికి వెళ్లి డ్రెస్సు మార్చుకుని వచ్చాను.

"నా వెనక కూర్చుని గట్టిగా పట్టుకో" అన్నాను.

"మీకు వస్తదా అమ్మా? మెల్లగ పోతరు గదా?"

"మెల్లగా వెళ్తే పెళ్లి ఉండదు బాబూ."

కనకలక్ష్మి గారూ, కొండాపూర్ దాటుతుంటే మళ్లీ షామియానా వచ్చింది. బిజిలీ చెవులు నిక్కించింది. నేను వంగి దాని చెవిలో, "అది మనది కాదమ్మా" అన్నాను. మీరు చెవిలో చెప్పి నేర్పానని రాశారు కదా, అది మనసులో ఉంది. ఒక్క క్షణం ఆలోచించి ముందుకు సాగింది. ఇక మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య అది ఎత్తుకున్న పరుగు ఉంది చూశారూ, నా జన్మలో అలాంటిది చూడలేదు. నా వెనక ఆ అబ్బాయి మొదట దేవుళ్లందరినీ పిలిచాడు. తర్వాత నిశ్శబ్దం. కిందపడ్డాడేమోనని వెనక్కి చూడబోయాను. "అమ్మా, జర ఇంక తేజ్ పోదమా?" అన్నాడు.

పదకొండుంబావుకి మీ ఫంక్షన్ హాలు ముందున్నాం. తర్వాతది మీరు చూశారు.

ఇప్పుడు నిజం చెప్పేస్తాను. నేను బిజిలీని కొనాలనుకోలేదు. మీకు తిరిగి ఇచ్చేయాలనుకున్నాను. షామియానాల దగ్గర నా పరువు పోతోందని, ఈ ఏర్పాటు వద్దని చెప్పాలనే మొదటి ఉత్తరం నుంచీ ప్రయత్నించాను. మీరు చిన్నబుచ్చుకునే మాట అనలేక పొగడటం మొదలుపెట్టాను. పొగిడిందంతా నిజమే కావడంతో వచ్చిన చిక్కు అది. ఈ ఏడు వారాలు ఖాళీ కొట్టం చూస్తూ కూర్చున్నాక, నిన్న ఆ పరుగు పరిగెత్తాక, నా రెండు ఉత్తరాలూ వెనక్కి తీసుకుంటున్నాను. పరువు పోతే పోనివ్వండి. నూరు షామియానాల ముందు ఆగినా సరే, బిజిలీ మళ్లీ నాలుగు రోజులు నా దగ్గర ఉండాలి. మూడు రోజులైనా సరే. మీరు కాదనకూడదు.

మీ జవాబు కోసం గేటు దగ్గరే ఉండే,
జయలక్ష్మి.

తా.క.: మజ్జిగ తాగిన స్టీలు గ్లాసు ఆ అబ్బాయి చేతిలోనే ఉండిపోయింది. పెళ్లి ఫొటోల్లో కనబడితే అది మాది.

*

బోరబండ,
8 ఫిబ్రవరి 1999, సోమవారం.

అక్కకు,

ఇకమీదట మేడం అని రాయను. మీ చెల్లె కనకలక్ష్మి శనార్థులు.

మీ ఉత్తరం చదువుతూ ఎంత నవ్వానంటే పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. కొంటారని నేను కొట్లాడటం ఏమిటి, వదిలించుకోవాలని మీరు పొగడటం ఏమిటి. మా ఆయనకు చెప్తే, "గీ ముచ్చట ముందుగాల్నె నన్నడిగితె చెప్తుంటి" అన్నాడు. ఆయన ముందు చెప్పింది వేరే అని గుర్తు చేయలేదు. గ్లాసు తాళి కట్టే ఫొటోలోనే ఉంది. పెళ్లికూతురు కడిగి దాచిపెట్టిందట, ఇవ్వనంటోంది.

మీరు వచ్చిన ఆ రోజు నుంచి ఇద్దరు పెళ్లివాళ్లు మా ఇంటికి వచ్చారు. నడిచే గుర్రం వద్దు, ఆ అమ్మ ఉరికించుకొచ్చిన గుర్రమే కావాలని.

కానీ అక్కా, మన ఏర్పాటు ఇక కుదరదు. మూడు రోజులు కూడా ఇవ్వలేను. మీ మీద కోపం లేదు. కారణం వేరే ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ముప్పై ఏళ్లుగా నేను కళ్లెం పట్టుకుని ముందు నడిచాను. బిజిలీ మా ఇంట్లో మూడో గుర్రం. ఎంతమంది పెళ్లికొడుకులను ఎక్కించానో, దించానో. వాళ్లలో సగం మందికి కాళ్లు వణికేవి, నేనే ధైర్యం చెప్పేదాన్ని. నేను ఎక్కవచ్చని మాత్రం ఒక్కనాడూ తోచలేదు. ఆ రోజు మలుపు తిరిగి మీరు వస్తుంటే, జుట్టు విడిపోయి, చెమట కారుతూ, వెనక అంత ఎత్తు పెళ్లికొడుకును కూర్చోబెట్టుకుని వస్తుంటే, బ్యాండువాళ్లు వాయించడం మరిచిపోయారు. నా కళ్లలో నీళ్లు చూశానన్నారు. అది కోపం కాదక్కా. నా గుర్రం మీద ఒక ఆడమనిషి అట్లా ఉండగలదని అప్పుడే చూశాను.

మంగళవారం పొద్దున్నే మా ఆయనను లేపాను. "జర పట్టుకో" అన్నాను.

"ఏంది, నువ్వెక్కుతవా?"

"ఎక్కుతె ఏమైతది?"

"పడ్తవే."

పడ్డాను. నీళ్ల డ్రమ్ము మీద నిలబడి మళ్లీ ఎక్కి మళ్లీ పడ్డాను. మూడోసారి పడలేదు. ఆయన ఇంకేమీ అనకుండా కళ్లెం పట్టుకుని ముందు నడిచాడు. నేను పైన. బోరబండ బస్టాపు దాకా వెళ్లాం. ఇన్నేళ్లు ఈ గల్లీలో ఉన్నాను కదా, ఎవరి గోడ వెనక ఏ పూల చెట్టు ఉందో ఆ రోజే చూశాను. నిన్న కళ్లెం ఆయన చేతిలో నుంచి నేనే తీసుకున్నాను. ఇక బిజిలీని ఒక్క పొద్దు కూడా వదిలి ఉండలేను. మీకు ఇది అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు.

అట్లని మిమ్మల్ని ఖాళీ కొట్టం ముందు కూర్చోబెట్టను. లింగంపల్లి స్టేషన్ దగ్గర టాంగా తోలే ఎల్లేశం మాకు తెలిసినవాడు. ఆటోలు ఎక్కువై గిరాకీ లేక టాంగా మానేస్తున్నాడు. గుర్రం పేరు సుల్తాన్, గోధుమ రంగు, బలమైన కాళ్లు. మంచి ఇల్లు దొరికితే చాలంటున్నాడు. మీ ఇల్లు చెప్పాను. అందులో ఎవరికీ వాటా ఉండదు, మొత్తం మీదే. వచ్చే సోమవారం పొద్దున ఆరింటికి నేను బిజిలీ మీద కొండాపూర్ దాకా వస్తాను. మీరు సుల్తాన్ మీద రండి. నాకు పరుగు నేర్పండి.

మీ చెల్లె,
కనకలక్ష్మి.

తా.క.: సుల్తాన్‌కు పెళ్లిళ్ల అలవాటు లేదు, ఫికర్ చేయకండి. ఒక్కటే అలవాటు ఉందని ఎల్లేశం చెప్పాడు. "టాంగల నలుగురు కూసున్నరని తెలిస్తె గని అడుగు తియ్యది." మీవారిని, ఉమాశ్రీని తోడు తెచ్చుకోండి. నాలుగో మనిషిగా మా ఆయనను పంపిస్తున్నాను.